కాటా గదిలో ప్రింటరు

“ఆ కాగితాలకి ఏమన్నా అయి ఉంటే ఎట్లాగే?”

సోమవారం పొద్దున రెబ్కమ్మ ఈ మాట అనేటప్పటికి ఏమీ కాలేదు. కనీసం కూతురు స్తుతి అలాగే అనుకుంటోంది. ప్రభుత్వాసుపత్రుల్లో నర్సు పోస్టులకు ఎంపికైనవాళ్ళ జాబితా ఫోనులోకి వచ్చింది, అందులో తన పేరుంది. శుక్రవారం పదింటికి ఒంగోలులో ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ చూపించాలి. ఒక్కటి తక్కువైనా పేరు తీసేసి కింది వాళ్ళకు ఇస్తామని ఆఖర్న రాసి ఉంది. ఏడో తరగతితో చదువు ఆపేసిన రెబ్కమ్మ ఆ ఆఖరి వరుసను కూతురి చేత మూడుసార్లు చదివించుకుంది.

“పెట్టెలో ఉన్నవాటికి ఏమవుద్దమ్మా? దాచింది నువ్వే గదా,” అని నవ్వింది స్తుతి.

నిజమే, దాచింది తనే. రేకుల ఇల్లు, వానకు కారుతుందని ప్లాస్టిక్ కవర్లో పెట్టింది. పొయ్యి నిప్పు ఎగిరిపడితే కష్టమని ఆ కవరును ఇనప్పెట్టెలో పెట్టింది. పురుగు తింటుందేమోనని, కవరు మూతి కట్టేముందు గుప్పెడు ఎండు మిరపకాయలు వేసింది. బియ్యంలో, కందిపప్పులో, చీరల మడతల్లో ఆ చుట్టుపక్కల అందరూ వేసేదే. మిరపకాయ ఉన్న చోట పురుగు నిలవదు.

పురుగైతే నిలవలేదు. పోయిన వానాకాలం పెట్టెలో చేరి కవర్లోకి పాకిన చెమ్మకు కాయలు మెత్తబడి బూజుపట్టాయి, ఎండలు రాగానే మళ్ళీ ఎండి పైనున్న కాగితానికి అతుక్కుపోయాయి. స్తుతి ఒక్కో కాయనూ గోటితో లేపుతుంటే దాంతోపాటు కాగితం పొర కూడా లేచి వచ్చింది. కిందనున్న మార్కుల పత్రాలు బాగానే ఉన్నాయి. అన్నిటికన్నా పైనున్నది శిక్షణ పత్రం. ఏ వార్డులో ఎన్ని గంటలు పనిచేసిందో రాసి మిషన్ ఆసుపత్రి వాళ్ళు సీలు వేసి ఇచ్చినది. ఎర్రటి మరకలో నంబరు లేదు, సీలు లేదు, పేరు సగమే ఉంది.

“ఎవరు వెయ్యమన్నారమ్మా మిరపకాయలు?” అంది స్తుతి. గొంతు పెంచలేదు. లేచిన పొరలన్నీ ఏరి పళ్ళెంలో పెట్టి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. ఆ తర్వాత తల్లితో మాట్లాడలేదు.

అన్నం పెట్టుకొచ్చి ముందు ఉంచితే తిన్నది. దుప్పటి కప్పితే కప్పించుకుంది. భర్త ఎలీషాకు చెబుదామని రెబ్కమ్మ ఫోను చేసింది. బోరు లారీ మీద కనిగిరి వైపు పోయిన మనిషి, ఏ గుట్టల్లో ఉన్నాడో, మోగనైనా మోగలేదు. ఒకవేళ లారీకే ఏమన్నా అయిందేమోనని మరో భయం పుట్టింది గాని, దాన్ని పట్టించుకునే తీరిక ఆరోజు లేకపోయింది.

మంగళవారం తల్లీకూతుళ్ళు ఒకే ఆటోలో చెరో చివర కూర్చుని మిషన్ ఆసుపత్రికి వెళ్ళారు. స్తుతి చదివిన అక్కడి నర్సింగ్ స్కూలు మూతపడి మూడేళ్ళయింది. ఆసుపత్రికి మాత్రం అద్దాల తలుపులతో కొత్త బ్లాకు కట్టారు. రికార్డు రూము వెనక, బట్టలుతికే షెడ్డు పక్కన ఉంది. దాని గుమాస్తా హుస్సేన్ సాహెబ్ ఈ మే నెలలో రిటైరవుతాడు. దుప్పటి గుడ్డతో కుట్టించిన ముసుగు తీసి కంప్యూటరు వేశాడు. అది చాలాసేపు గురగురలాడి, నల్ల తెర మీద తెల్ల అక్షరాలు చూపించింది. స్తుతి పేరు కొట్టగానే గంటలన్నీ వరసగా వచ్చాయి. ప్రసూతి వార్డు, పిల్లల వార్డు, ఆపరేషన్ థియేటరు.

రెబ్కమ్మ తెరకు దణ్ణం పెట్టబోయి ఆగింది.

“అన్నీ ఉన్నాయమ్మా,” అన్నాడు సాహెబ్. “కాగితం మీదికి రావడమే లేదు.”

పక్కనే ఉన్న, అక్షరాలు పొడిచి అచ్చువేసే పాతకాలపు సూదుల ప్రింటరు పోయిన ఏడాది తుపానుకు తడిసి తల కాలిపోయింది. బాగుచేయించమని మూడు ఉత్తరాలు రాశాడు. కొత్త బ్లాకుకు తెల్లటి ప్రింటర్లు ఆరు వచ్చాయి గాని ఈ గదివైపు ఎవరూ చూడలేదు. పాత ప్రోగ్రాము కాబట్టి ప్రింటు పూర్తయితేనే సర్టిఫికెట్ నంబరు పడుతుంది. నంబరు లేకుండా చేత్తో రాసిచ్చినవి రెండు తిరిగొచ్చాయి. సొరుగులోంచి ఒక నోటుబుక్కు తీసి చూపించాడు. ప్రింటరు లేదని తను వెనక్కి పంపిన వాళ్ళ పేర్లు పదకొండు ఉన్నాయందులో. మొదటి పేరు కనిగిరి పిల్ల షారోన్‌ది. పాలుతాగే బిడ్డను చంకనేసుకుని నాలుగుసార్లు వచ్చిందట.

ఎదురుగా కంప్యూటర్ల కొట్టు పెట్టుకున్న ఇలియాస్‌ను పిలిపించారు. అతను కొత్త బ్లాకునుంచి ఒక తెల్ల ప్రింటరు మోసుకొచ్చాడు. దాని తీగ మూతి సన్నం, ఈ కంప్యూటరు వెనక కన్నం వెడల్పు. రెండిటినీ కలిపే తీగ ఒకటి తెచ్చి బిగించాడు. బిగించి మీట నొక్కితే ప్రింటరు కాగితం లాక్కుని, పైన ఒక్క వరసలో ఏవేవో గీతలూ చుక్కలూ వేసి బయటికి తోసింది. మళ్ళీ ఇంకోటి లాక్కుంది. ఆపేలోపల ఇరవై కాగితాలు పోయాయి. నేలమీద పడినవన్నీ ఏరి అంచులు సరిచేస్తూ కూర్చుంది రెబ్కమ్మ. అవెందుకూ పనికిరావని ఇలియాస్ చెప్పినా కింద పెట్టలేదు.

“దీనికి డ్రైవరు కావాలాంటీ. ఈ విండోస్ తొంభై ఎనిమిదికి కొత్త ప్రింటర్లవాళ్ళు డ్రైవర్లు రాయడం ఎప్పుడో మానేశారు.”

“డ్రైవరంటే ఎవరయ్యా?”

ఇలియాస్ తల గోక్కున్నాడు. “మీ సభల్లో దొర మాట్లాడుతుంటే పక్కన ఒకాయన తెలుగు చెప్తాడు గదా. ఆయన లేకపోతే దొర ఎంత అరిచినా మీకేం తెలుస్తది? అట్టాగన్నమాట.”

పాత కంప్యూటరు డిస్కు తీసి కొత్తదాంట్లో పెడదామంటే, వెనకున్న తాళం లాంటి బిళ్ళ లేనిదే ప్రోగ్రాము నడవదు, ఆ బిళ్ళ ఈ కంప్యూటరుకు తప్ప దేనికీ పట్టదు. సాయంత్రం దాకా ఏదో ఒకటి చేస్తూనే ఉన్నాడు ఇలియాస్. ఆఖరికి, ఆ పాత సూదుల ప్రింటరు ఇంకోటి దొరికితే దుబాసీ అక్కర్లేకుండానే మాట్లాడుతుందని, వేటపాలెంలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో అలాంటిది చూసినట్టు గుర్తని చెప్పాడు.

బుధవారం రెబ్కమ్మ ఒక్కతే వేటపాలెం బస్సెక్కింది. స్తుతిని రమ్మని అడగలేదు, ఆ పిల్ల వస్తాననలేదు. దారి పొడుగునా అడగబోయే మాటలు మనసులో వల్లెవేసుకుంది. బిడ్డ బతుకు బాబూ, ఒక్కరోజు ఇయ్యండి, ఒళ్ళో పెట్టుకుని తీసుకుపోతా. ఫ్యాక్టరీలో ఆడవాళ్ళు వరసల్లో కూర్చుని జీడిగింజలు కొడుతున్నారు. ఆఫీసులో ఉన్నాయన ఆమె చెప్పిందంతా విని, పాపం, లోపలికి వెళ్ళి చూసి కూడా వచ్చాడు. పాత సామాను పోయిన నెల తూకానికి వేసేశారు. వట్టి కేబులు మాత్రం మేకుకు వేలాడుతోంది. కావాలంటే తీసుకుపొమ్మన్నాడు. ఆమె తీసుకుంది. ఎందుకో తనకే తెలియదు. తిరుగు బస్సులో ఆ కేబులును చీరకొంగులో చుట్టుకుని కూర్చుని, ఇక అయిపోయిందనుకుంది. స్తుతి పేరు తీసేస్తారు. ఊళ్ళో వాళ్ళు అడుగుతారు. ఆ పిల్ల ఏ ఆసుపత్రిలోనో ఆయాలా మిగిలిపోతుంది, ఎప్పటికీ తనతో మాట్లాడదు. ఇంకా ఘోరమైనవి కూడా తోచాయి. వాటిని పూర్తిగా తోచనివ్వకుండా ప్రభువా ప్రభువా అనుకుంటూ కిటికీ చువ్వ పట్టుకుంది.

గురువారం తెల్లవారగానే, రెబ్కమ్మ కూలికి పోయే కోల్డ్ స్టోరేజీ మేస్త్రి వెంకటరావమ్మ గుమ్మం ముందు నిలబడింది. “ఏమే రెబ్కా, మూడు రోజులాయె. నీ బదులు ఇంకోదాన్ని చూసుకోమంటావా?” అని అడిగి, ఆమె ముఖం చూసి గొంతు తగ్గించింది. సగం రోజైనా రమ్మంది. ఇంట్లో ఆ మౌనం ముందు కూర్చోవడం కంటే నయమని రెబ్కమ్మ మూతికి గుడ్డ కట్టుకుని బయల్దేరింది.

కోల్డ్ స్టోరేజీ ముందు మిరపకాయల లారీలు రోడ్డుదాకా నిలబడి ఉన్నాయి. షెడ్డు కింద ఆడవాళ్ళు కాయలు పోసుకుని తొడిమలు తీస్తున్నారు, రంగుపోయి తెల్లబడిన తాలుకాయలు వేరే గంపలో వేస్తున్నారు. కూర్చుని నాలుగు గుప్పెళ్ళు తీసిందో లేదో, లారీలు తూచే కాటా గదిలోంచి ఒక చప్పుడు వచ్చింది. కర్ర్‌మని పోయి, ఆగి, మళ్ళీ కర్ర్‌మని. ఆరేళ్ళుగా రోజుకు వందసార్లు వింటున్న చప్పుడే. ఆ చప్పుడుతో తూకం చీటీలు అచ్చువేసేదేమిటని ఇంతవరకూ ఎప్పుడూ అనుకోలేదు. చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

కాటా గుమాస్తా అంకమ్మరావు పెద్ద గొంతు మనిషి. ఆమె కిటికీ దగ్గరికొచ్చి లోపలికి తొంగిచూస్తుంటే ఏం కావాలన్నాడు. ఆమెకు కావలసింది అతని మోచేతి పక్కనే ఉంది. అంచుల్లో కన్నాలున్న కాగితాన్ని కక్కుతూ, సూదులతో అంకెలు పొడుస్తూ, మీదంతా ఎర్ర దుమ్ముతో. ఆమె జరిగిందంతా చెప్పింది. మిరపకాయల సంగతి కూడా దాచలేదు.

“ఈ ప్రింటరు గడప దాటదు,” అన్నాడు అంకమ్మరావు. “పదకొండేళ్ళయింది దాన్ని ఇక్కడ పెట్టి. ఒకసారి కదిలిస్తే మళ్ళీ నడుస్తదో లేదో ఆ దేవుడికే తెలవాలి. చేతి చీటీ ఇస్తే ఏ రైతూ నమ్మడు. బయటున్న లారీలు చూశావా? నీ కూతురి వుజ్జోగం కోసం నా వుజ్జోగం పోతదమ్మా.”

అతని భయం ఆమెకు వెంటనే అర్థమైంది. తన భయం లాంటిదే. అందుకే బతిమాలలేదు. వెనక్కి వచ్చి కాయల ముందు కూర్చుంది. ఎదురుగా రైతు ఒకడు, కల్లంలో తడిసిన సరుకు ఇంకా ఎత్తలేదని, మోసుకుపోయే చిన్న కాటాను అక్కడికే పంపించమని మేస్త్రితో గొడవపడుతున్నాడు. ప్రతి ఏడూ ఉండేదే. సరుకు కాటా దగ్గరికి రాలేకపోతే కాటానే కల్లానికి పోతుంది. మూణ్ణాళ్ళుగా అందరమూ ప్రింటరునే కంప్యూటరు దగ్గరికి మోయాలని చూస్తున్నాం గదా అనుకుంది రెబ్కమ్మ. తొడిమల గంప పక్కకు తోసి మళ్ళీ కిటికీ దగ్గరికి పోయింది.

“ప్రింటరు కదలొద్దు బాబూ. కంప్యూటరునే తీసుకొస్తా. రానిస్తారా?”

అంకమ్మరావు చీటీ చించి లారీ డ్రైవరుకిచ్చి, ఆమెకేసి చూశాడు. ఒంటిగంటకు కాటా ఆగుతుంది, భోజనాల వేళ నలభై నిమిషాలు. అంతే చెప్పాడు. ఔనని మాత్రం అనలేదు.

హుస్సేన్ సాహెబ్‌ను ఒప్పించడం అంత తేలిక్కాలేదు. ఆసుపత్రి సూపరింటెండెంటమ్మ గుంటూరు మీటింగులో ఉంది, ఫోను ఎత్తడం లేదు. అనుమతి సంగతి సరే, అతని దిగులు అది కాదు. పాతికేళ్ళ డిస్కు. ఆటో కుదుపుకు ఆగిపోతే నాలుగు వందల మంది పిల్లల చదువు దాంతోనే పోతుంది. వేరే చోట కాపీ లేదు. ఇలియాస్ కూడా అది నిజమేనన్నాడు. కబురందుకుని వచ్చిన స్తుతి గోడకు ఆనుకుని నిలబడి నోటుబుక్కులోని పేర్ల వైపు చూస్తోంది.

ఏమీ కాదని రెబ్కమ్మ అనలేకపోయింది. జన్మలో ఎప్పుడూ ఆ మాట అనలేదు. ఇంటికి పోయి, పరుపు కుట్టించడానికి దాచుకున్న పత్తి బస్తాను నెత్తిన పెట్టుకుని వచ్చి, సాహెబ్ ముందు దించింది. దాని మూతి విప్పి, మధ్యలో చేతులతో గుంట చేసి చూపించింది.

సాహెబ్ ఆ పత్తిలో చెయ్యి పెట్టి లోతు చూశాడు. తర్వాత సీలూ స్టాంపు ప్యాడూ నోటుబుక్కూ జేబులో వేసుకుని, గదికి తాళం పెట్టాడు. “ముప్పై ఏళ్ళు నేను లేకుండా ఇది తెరవలేదు. నేనెక్కడుంటే అదే రికార్డు రూము, పదండి,” అన్నాడు.

ఆటో, మనిషి నడిచేంత నెమ్మదిగా కదిలింది. వెనక సీటులో రెబ్కమ్మ పత్తి బస్తాను రెండు కాళ్ళ మధ్య పెట్టుకుని, దాంట్లో ఇరికించిన కంప్యూటరు చుట్టూ చేతులు వేసి కూర్చుంది. పక్కన సాహెబ్, ఎదురు బల్ల మీద తెరను ఒళ్ళో పెట్టుకుని స్తుతి. ప్రతి గుంటకూ సాహెబ్ కూడా బస్తాను పట్టుకున్నాడు. ఇలియాస్ బండి మీద ముందు పోతూ, గొయ్యి కనిపించినచోటల్లా చెయ్యి ఊపాడు.

ఒంటిగంటా పది నిమిషాలకు కాటా గదిలో బల్ల మీద కంప్యూటరు పెట్టారు. అంకమ్మరావు అన్నం క్యారియరు విప్పకుండా ప్రింటరుకు అడ్డంగా నిలబడ్డాడు. తన తీగ ఊడదీస్తే ఒప్పుకోనన్నాడు. ఇలియాస్ వంగి వెనక వైపు చూసి నవ్వాడు. కాటా కంప్యూటరు తీగ సన్నకన్నంలో ఉంది. దాని పక్కన వెడల్పు కన్నం ఖాళీగా ఉంది, నిండా మిరప దుమ్ము. దాన్ని రంగులేసే కుంచెతో తుడుస్తూ పది తుమ్ములు తుమ్మాడు. తీరా చూస్తే అక్కడిదాకా అందే పొడుగు కేబులు లేదు. ఆసుపత్రిది మూరెడు.

రెబ్కమ్మ చేతిసంచిలోంచి వేటపాలెం కేబులు తీసింది.

కంప్యూటరు వేశారు. అది గురగురలాడలేదు. తెర నల్లగా ఉంది, అక్షరాలు లేవు. సాహెబ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. బయట లారీ డ్రైవర్లు నవ్వుకుంటూ తింటున్న చప్పుడు వినపడుతోంది. రెబ్కమ్మ కళ్ళు మూసుకుంది. తన పిల్ల కోసం నాలుగు వందల మంది పిల్లల్ని తీసుకొచ్చి ఈ దుమ్ములో పోగొట్టానా అనుకుంది. ఇలియాస్ మూత తీసి, లోపల కదిలిన తీగ ఒకటి బొటనవేలితో నొక్కాడు. మళ్ళీ వేశాడు. ఈసారి గురగుర మొదలైంది.

స్తుతి పేరు. మీట. ఒక క్షణం ఏమీ లేదు. ఆ తర్వాత కర్ర్‌మని ప్రింటరు తల అటు పోయి ఇటు వచ్చింది. అక్షరాలు సగం మసగ్గా ఉన్నా ఒక్కటీ తప్పు లేదు. అడుగున నంబరు పడింది. సాహెబ్ కాగితాన్ని వెలుతురుకెత్తి చదివి, సీలు వేశాడు. స్తుతి రెండు చేతులతో అందుకుంది.

అంకమ్మరావు గోడ గడియారం చూసి క్యారియరు ముందుకు లాక్కున్నాడు. ఇలియాస్ తీగలు ఊడదీయబోయాడు. అప్పుడు రెబ్కమ్మకు అలవాటైన భయం అలవాటుగానే నోటికొచ్చింది.

“పోయేటప్పుడు దారిలో ఏమన్నా అయితే, సాహెబు గారూ?”

ఆమె నోటుబుక్కున్న సాహెబ్ జేబు వైపు చూపించింది. “ఆ పదకొండు మందివి కూడా ఇక్కడే తీసెయ్యండి. మళ్ళీ ఇది ఎప్పుడు మాట్లాడుద్దో.”

సాహెబ్ నోటుబుక్కు తెరిచాడు. ముందు కనిగిరి షారోన్. ఒక్కో కాగితానికి మూడు నిమిషాలు పడుతోంది. ఐదు అయ్యేసరికి లారీవాళ్ళు హారన్ కొట్టారు. రెబ్కమ్మ గుమ్మంలోకి పోయి నిలబడింది. పొద్దున తన కోసం చేతకాని పని, ఇప్పుడు ముక్కూ మొహం తెలియని పిల్లల కోసం చేసింది. డ్రైవర్లనూ రైతులనూ అన్నా అని, బాబూ అని, పావుగంట ఓర్చుకోమని గట్టిగా అడిగింది. వెంకటరావమ్మ కూడా వచ్చి పక్కన నిలబడి, ఓర్చుకోకపోతే బస్తాలు దింపడానికి తన మనుషులు రారని చెప్పింది. అంకమ్మరావు పెరుగన్నం తింటూ, రిబ్బను అరిగిపోతోందని గొణిగాడు. ప్రింటరును మాత్రం ఆపలేదు. పదకొండోది అయ్యాక తన కాటా చీటీ ఒకటి ఉత్తదే కొట్టి చూసుకున్నాడు. వచ్చింది. చాలాసేపు దాన్నే చూసుకున్నాడు.

సాయంత్రం గుంటూరు నుంచి తిరిగొచ్చిన సూపరింటెండెంటమ్మ పన్నెండు కాగితాల మీద సంతకాలు పెట్టింది. కంప్యూటరుకు పత్తి పోగులు ఎందుకంటుకున్నాయని మాత్రం అడిగింది. సాహెబ్ దులిపేస్తానని చెప్పాడు.

శుక్రవారం ఒంగోలులో లోపలికి అభ్యర్థుల్ని మాత్రమే పంపారు. రెబ్కమ్మ గేటు బయట ఎండలో మూడు గంటలు నిలబడింది. కొందరు నవ్వుతూ వచ్చారు, ఒక పిల్ల ఏడుస్తూ పరుగెత్తి పోయింది. స్తుతి ఫైలు గుండెకు ఆనించుకుని వచ్చింది. ముఖంలో ఏమీ తెలియలేదు. రెబ్కమ్మ అడగలేదు. అడిగితే ఆ పిల్ల చెప్పకపోవచ్చు, లేదా చెప్పవచ్చు. రెండూ భయమే. ఇద్దరూ బస్సెక్కారు.

బస్సు ఊరు దాటింది. మద్దిపాడు దాటింది. రోడ్డు పక్క కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. ఘాటుకు బస్సులో ఎవరో దగ్గారు. రెబ్కమ్మ కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, చివరికి కిటికీ వైపు చూస్తూ అడిగింది.

“తీసుకున్నారా అమ్మలూ?”

కండక్టరు టిక్కెట్లు కొట్టుకుంటూ వచ్చి వెళ్ళాడు. వాగు మీద వంతెన వచ్చింది, పోయింది. తర్వాతి ఊరిలో బస్సు ఆగి, ఎక్కేవాళ్ళు ఎక్కి, మళ్ళీ కదిలింది. అప్పుడు స్తుతి ఫైలు తెరిచి, ఆ కాగితాన్ని కవరుతో సహా తీసి తల్లి ఒళ్ళో పెట్టింది.

“తీసుకున్నారమ్మా. చూసి, రాసుకుని, తిరిగిచ్చారు. నువ్వే దాచు,” అంది. కాసేపాగి, “మిరపకాయలు మాత్రం వెయ్యకు.”